నీలన్న చెల్లె

జగిత్యాలలో శోభ పనిచేసే ఫొటో స్టూడియోలో ముందు గది గిరాకీలది, వెనక గది ఆమెది. పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేయడం ఆమె పని. ఈ రెండేళ్ళుగా దానికి ఇంకో పని తోడైంది. ట్రంకుపెట్టెల అడుగున, అటకల మీద పడి ఉన్న పాత వీడియో క్యాసెట్లను జనం వెతికి తెస్తున్నారు. వాటిని వీసీఆర్‌లో వేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వాలి. ఇందులో తొందర పనికిరాదు. మూడు గంటల పెళ్ళి ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది. రీలు ఎక్కడ చిక్కుకుంటుందో అని శోభ పక్కనే కూచుని చూస్తుంటుంది. ఎవరో తెలియని జంట తలంబ్రాలు పోసుకుంటుంది. ఎవరో ముసలమ్మ కెమెరాను చూసి కొంగు సర్దుకుంటుంది. మధ్యాహ్నం ఆ పెళ్ళి చూస్తూనే శోభ టిఫిన్ డబ్బా విప్పి తింటుంది.

ఆమెకు నలభై ఐదేళ్ళు. మెట్‌పల్లిలో మొగుణ్ణి వదిలి వచ్చి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. స్టూడియోలో వాళ్ళు మంచివాళ్ళే. పండక్కి చీర పెడతారు. కానీ ఏ రోజైనా ఆమె పనికి రాకపోతే "జ్వరమా?" అని ఫోన్ చేసేది వాళ్ళు మాత్రమే. ఇంకెవరికీ ఆమె రోజు ఎలా గడిచిందో తెలియవలసిన అవసరం లేదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. ఆ నెలలోనే ముత్యంపేట నుంచి రమణ అనే రైతు సంచీ నిండా క్యాసెట్లు తెచ్చాడు.

"మా అమ్మ దాసిపెట్టిందక్కా. ఎలుకలు కొట్టలే, గంతే అదృష్టం. మా అక్క పెండ్లి ఉన్నది, మా చిన్నాయిన పెండ్లి ఉన్నది. మిగిలినయి ఏందియో నాకు తెల్వది. నువ్వే సూసి ఎక్కియ్యి" అన్నాడు.

మొత్తం ఏడు. ఆరింటి మీద పేర్లు, తేదీలు ఉన్నాయి. ఏడోదాని మీద గోధుమరంగుకు తిరిగిన చీటీ ఒకటి అంటించి ఉంది. శోభ దుమ్ము తుడిచి చదివింది. "విఠల్ వీడియో, కోరుట్ల. చూసిన వెంటనే తిరిగి ఇవ్వగలరు."

ఆమె ఆ చీటీని ఇంకోసారి చదివింది. మిగిలిన ఆరు పక్కకు పెట్టి ముందు దాన్నే వీసీఆర్‌లో వేసింది. కాసేపు తెరంతా బూడిద చినుకులు. తర్వాత గీతలు. తర్వాత బాకాల పాట ఒకటి, సాగదీసినట్టు మొదలై, మెల్లగా సర్దుకుంది. నీలం గుడ్డ భుజాలకు కట్టుకున్న ఒక బొమ్మ మనిషి, చుక్కల మధ్య నుంచి నేరుగా తెర మీదికి ఎగిరొచ్చాడు.

"నీలన్న!" అంది శోభ, ఖాళీ గదిలో, పైకే.

*

శోభ పుట్టి పెరిగింది కోరుట్లలో. నాన్న రాజనర్సు తాళ్ళు ఎక్కి కల్లు గీసేవాడు. అన్న నరేందర్ ఆమెకంటే మూడేళ్ళు పెద్ద. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ జబ్బు చేసి పోయింది.

ఆ రోజుల్లో బస్టాండు వెనక, రేకుల గదిలో విఠల్ వీడియో నడిపేవాడు. రోజూ సాయంత్రాలు పెద్దవాళ్ళకు సినిమాలు. అతని బావమరిది బహ్రెయిన్ నుంచి వస్తూ ఒక బొమ్మల క్యాసెట్ తెచ్చాడు. బొమ్మ మనిషి పేరు కమాండర్ ఆల్టస్. అంతా ఇంగ్లీషు. ఆ బొమ్మ తయారైన దేశంలో శనివారం పొద్దున పిల్లలు టీవీ ముందు కూచుని చూసేవాళ్ళట. డబ్బా మీద అలాగే రాసి ఉందని బావమరిది చెప్పాడు. విఠల్ కూడా శనివారమే పెట్టాడు. పొద్దున్నే, బడి గంట కొట్టకముందు. ఇరవై ముప్పై మంది పిల్లలు చాప మీద ఇరుక్కుని కూచునేవాళ్ళు.

వాళ్ళకు ఇంగ్లీషు రాదు. విఠల్‌కూ రాదు. అందుకని అతను టీవీ శబ్దం తగ్గించి, పక్కన నిలబడి, కథ తనే చెప్పేవాడు. కమాండర్ ఆల్టస్ నీలన్న అయ్యాడు. అతని భుజం మీద కూచునే ఆకుపచ్చ జంతువు పిట్టయ్య అయింది. ఇనుప ముసుగు వేసుకున్న దుర్మార్గుడు ఇనుప దొర అయ్యాడు.

"సూడుండ్రి, గీ ఇనుప దొర మందితోని వెట్టి చేయిస్తుండు. మన్నులకెల్లి రంగురాళ్ళు తవ్విస్తుండు. నీలన్న పైకెల్లి సూసిండు. దిగిండు. 'ఏం దొరా, కూలి ఇస్తున్నవా లేదా?' అన్నడు. దొర ఊకుంటడా? ఇగ సూడు!"

పిల్లలు గోల చేసేవాళ్ళు. క్యాసెట్‌లో ఉన్నవి నాలుగే కథలు. ఆ నాలుగే తిప్పి తిప్పి రెండేళ్ళు ఆడాయి. చెప్పిన కథే మళ్ళీ చెప్పేటప్పుడు విఠల్ కొత్తవి కలిపేవాడు. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు.

శోభకు అన్నిటికంటే ఇష్టం చివరి బొమ్మ. దొరను గెలిచాక నీలన్న కొండల మీదుగా ఎగురుతూ పోతాడు. కింద ఒక ఇల్లు కనిపిస్తుంది. కిటికీలో దీపం వెలుగుతుంటుంది. అక్కడ విఠల్ గొంతు తగ్గించేవాడు.

"గది నీలన్న ఇల్లు. ఇంట్ల ఆయన చెల్లె ఉంటది. చిన్న పిల్ల. నీలన్న లోకమంత తిరిగొచ్చి ఫస్టు ఏమడుగుతడు? 'బువ్వ తిన్నవా చెల్లె?' అని అడుగుతడు. తిన్ననన్నా అంటది. గప్పుడు గాని ఆయన కాళ్ళు కడుక్కోడు."

ఆ చెల్లె తెర మీద ఎప్పుడూ కనిపించలేదు. కానీ శోభకు ఆమె ఎలా ఉంటుందో తెలుసు. రెండు జడలు, ఎడమ మోకాలి మీద గాయం మచ్చ. అచ్చం తనలాగే.

*

ఇప్పుడు స్టూడియోలో శోభ చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. డిగ్రీ చదివిన మనిషి, ఇంగ్లీషు కొంత తెలుసు. ఆ బొమ్మలు ఏం మాట్లాడుతున్నాయో మొదటిసారి వింటోంది. అర్థం కాని చోట వెనక్కి తిప్పి మళ్ళీ వింది.

ఇనుప దొర వెట్టి చేయించడం లేదు. ఆ రాళ్ళతో ఏదో యంత్రం చేసి సూర్యుణ్ణి ఆర్పేస్తానంటున్నాడు. నీలన్న కూలి సంగతి అడగలేదు. పిట్టయ్య అడవి జంతువు కాదు, వేరే గ్రహం రాకుమారుడు. ఇవన్నీ వింటే శోభకు నవ్వొచ్చింది. విఠల్ మామ ఎంత కల్పించాడు!

చివరికి కొండలు వచ్చాయి. ఇల్లు వచ్చింది. కిటికీలో దీపం. శోభ కుర్చీలో ముందుకు జరిగింది.

నీలన్న ఆ ఇంటి మీదుగా ఎగిరిపోయాడు. దిగలేదు. గంభీరమైన గొంతు ఒకటి, రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసుకోవాలని పిల్లలకు చెప్పింది. బాకాలు మోగాయి. అయిపోయింది.

ఆమె రెండో కథ చూసింది. మూడోది, నాలుగోది చూసింది. ప్రతిసారీ అదే ఇల్లు, అదే దీపం. ఆ గొంతు ఒకసారి పళ్ళు తోముకోమంది, ఒకసారి అగ్గిపెట్టెతో ఆడొద్దంది. ఎవరూ ఆ ఇంట్లోకి పోలేదు. నీలన్నకు చెల్లె ఉన్నట్టు ఎక్కడా ఒక్క మాట లేదు. అసలు ఇల్లే లేదు అతనికి. అతను పుట్టిన గ్రహం పేలిపోయింది, తనవాళ్ళంటూ ఎవరూ లేరు. మొదటి కథలోనే ఆ మాట చెప్పారు.

శోభ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. ముప్పై ఆరేళ్ళుగా తనకు తెలిసిన పిల్ల ఒకతి లేదని ఎవరో వచ్చి చెప్పినట్టయింది. బాధపడటానికి ఇదేమన్నా విషయమా అని తన్ను తాను కోప్పడింది. మధ్యాహ్నం డబ్బా మాత్రం విప్పలేదు.

వారం తర్వాత రమణ వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకున్నాడు. బొమ్మల క్యాసెట్ చూపిస్తే తల గీరుకున్నాడు.

"గిది మాది కాదక్కా. మా నాయిన కిరాయికి తెచ్చి వాపస్ ఇయ్యకుంట ఉంచుకున్నడు కావచ్చు. పారెయ్యి."

"పారేసుడెందుకు? నాదీ కోరుట్లనే. నేను ఇచ్చొస్త."

"ఎవ్వలకిస్తవ్? గా దుకాణం ఇంక ఉన్నదా?" రమణ నవ్వి వెళ్ళిపోయాడు.

*

దుకాణం లేదు. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆదివారం శోభ కోరుట్లకు పోయి ఇద్దరు ముగ్గురిని అడిగితే విఠల్ ఇల్లు చూపించారు. అరుగు మీద అతని భార్య సుశీల చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపల మంచం మీద విఠల్ కూచుని ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఒక కంటికి చూపు పోయింది, రెండో కంటికి మసక.

"ఎవ్వలు?"

"నేను శోభను మామా. తాళ్ళ రాజనర్సు బిడ్డను."

"రాజనర్సు బిడ్డవా! రా బిడ్డా, రా. కూసో. సుశీలా, చాయ్ పెట్టు."

శోభ క్యాసెట్ అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తిప్పి తిప్పి తడిమాడు. చీటీ అంచు వేలికి తగిలింది.

"గిది నాదే. గిన్నేండ్లు ఎక్కడుండె?"

"ముత్యంపేటల. మీ నీలన్న క్యాసెట్."

విఠల్ దాన్ని ఒడిలో పెట్టుకున్నాడు. తర్వాత గట్టిగా నవ్వి, నవ్వుతోనే దగ్గాడు. "నీలన్న! అరె, వాడు ఇంక సావలేదా?"

శోభ తెచ్చిన ల్యాప్‌టాప్ స్టూలు మీద పెట్టి, మొదటి కథ నడిపించింది. విఠల్ మెడ సాచి చూశాడు. ఏదో నీలంగా కదులుతోందన్నాడు, అంతే. ఇంగ్లీషు మాటలు విని ముఖం చిట్లించాడు.

"గా లొల్లి బందు చెయ్యి బిడ్డా. ఇప్పుడేమైతుందో నువ్వు చెప్పు."

శోభ శబ్దం తగ్గించింది. మొదట సిగ్గేసింది. "నీలన్న కొండ మీద నిలబడ్డడు మామా. బుజం మీద పిట్టయ్య ఉన్నడు. కింద మంది రాళ్ళు మోస్తున్నరు. ఇప్పుడు ఇనుప దొర అచ్చిండు."

"కొరడా పట్టుకున్నడా?"

"ఆ, పట్టుకున్నడు."

"ఆఁ! ఇగ ఇను." విఠల్ నిటారుగా కూచున్నాడు. "ఏం దొరా, మందిని సంపుతున్నవా? వీళ్ళ కడుపుకు ఏం పెడుతున్నవ్? లెక్క చెప్పు!"

గొంతు పలచబడింది గాని అదే గొంతు. అరుగు మీద సుశీల బీడీ చుట్టడం ఆపి లోపలికి తొంగి చూసింది. శోభ బొమ్మ చెప్పడం, విఠల్ మాట చెప్పడం, అలా కథ చివరికి వచ్చింది. కొండలు దాటి ఇల్లు కనిపించింది.

"ఇల్లచ్చింది మామా" అంది శోభ.

విఠల్ చెల్లె మాట ఎత్తలేదు. బాకాలు మోగి తెర నల్లబడింది. ఆమె అడగాలని వచ్చిన మాట అప్పుడు అడిగింది.

"నీలన్నకు చెల్లె లేదు మామా. నాలుగు కథలు మంచిగ ఇన్న. ఎక్కడ లేదు. నువ్వెందుకు పెట్టినవ్?"

"చెల్లెనా?" అతను ఆలోచించాడు. "పెట్టమన్నరు, పెట్టిన."

"ఎవ్వలు పెట్టమన్నరు?"

"మీ అన్ననే."

శోభకు సరిగ్గా వినపడలేదనిపించింది. విఠల్ చెప్పుకుపోయాడు.

"మీ అమ్మ పోయిన దినాలు. మీ అన్న ఒక్కడే అచ్చిండు నా కాడికి. గింత పోరడు, ముంజలు తెచ్చి గీ చేతుల పెట్టిండు. 'మామా, మా చెల్లె అన్నం తింటలేదు. ఎవ్వలు చెప్పినా ఇంటలేదు. నీలన్న చెప్తె ఇంటది. నీలన్నకు ఓ చెల్లెను పెట్టు మామా. బువ్వ తిన్నవా అని అడుగుమను' అన్నడు. నాకు కండ్లల్ల నీళ్ళచ్చినయి. బొమ్మల యాడ పెట్టాల్నా అని సూస్తే, ఆఖర్ల ఓ ఇల్లు ఉత్తగనే ఉండె. అండ్ల పెట్టిన."

సుశీల చాయ్ తెచ్చింది. శోభ గ్లాసు పట్టుకుని కూచుంది. ఆ శనివారాలు ఇంటికి పోయి తనే గిన్నె ముందు పెట్టుకుని తిన్నది ఆమెకు గుర్తే. ఎవరూ బలవంతం చేయలేదు. నీలన్న అడిగితే తిన్ననని చెప్పాలి కదా అని తిన్నది.

"మీ అన్న మంచిగున్నడా?" అని విఠల్ అడిగాడు.

"ఉన్నడు మామా. సిరిసిల్లల ఉంటడు."

అంతకంటే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

*

మెట్‌పల్లి నుంచి ఆమె బట్టల సంచీతో బయటికి వచ్చిన రోజున నరేందర్ షార్జాలో ఉన్నాడు. నాన్న అప్పటికే లేడు. కోరుట్ల ఇంటికి తాళం. తాళం చెవి పక్కింట్లో ఉంది, అన్న ఒక్క మాట చెబితే వాళ్ళు ఇస్తారు. ఆమె బస్టాండులో నిలబడి ఫోన్ చేసింది. నరేందర్ అంతా విన్నాడు. "మొగనితోని కొట్లాట ఎవ్వలకు లేదు? సప్పుడు జెయ్యక వాపస్ పో. ఇంటి దిక్కు రాకు" అని పెట్టేశాడు. ఆమె తిరిగి చేయలేదు. జగిత్యాల బస్సు ఎక్కింది. తర్వాత కోరుట్ల ఇల్లు కూలిపోయింది. నరేందర్ గల్ఫ్ నుంచి వచ్చేసి, భార్య పుట్టిన ఊరని సిరిసిల్లలో ఉంటూ, ఒక బడి బస్సు నడుపుతున్నాడు. చుట్టాల చావుల్లో అన్నాచెల్లెళ్ళు ఎదురుపడతారు. "ఎప్పుడచ్చినవ్?" అంటే "ఇప్పుడే" అనుకుంటారు. పదకొండేళ్ళుగా అంతే.

తర్వాతి ఆదివారం శోభ చెప్పకుండానే సిరిసిల్ల పోయింది. చెబితే తనే ఆగిపోతానని ఆమె భయం. వీధిలో మరమగ్గాల చప్పుడు. ఆదివారమైనా రెండు ఇళ్ళలో నడుస్తున్నాయి. తలుపు తీసిన వదిన రాణి ఆమెను చూసి ఒక క్షణం అలాగే నిలబడింది.

"ఏమైంది శోభా? అంత మంచేనా?"

"మంచే వదినె. ఊకెనే అచ్చిన."

నరేందర్ బనీను మీద ఉన్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. లేచి చొక్కా వేసుకున్నాడు, ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు.

"కూసో" అన్నాడు.

పిల్లలు కరీంనగర్‌లో చదువుతున్నారు, ఇంట్లో ముగ్గురే. రాణి మంచినీళ్ళు ఇచ్చింది. వానల గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలు అయిపోయాక శోభ బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది.

"అన్నా, ఒకటి తెచ్చిన. టీవీకి పెట్టు."

నీలన్న తెర మీదికి ఎగిరి రాగానే నరేందర్ నోరు తెరిచాడు. "గీడేంది గీడు! విఠల్ వీడియోల..."

"ఆ, గాడే."

అతను ముందుకు వంగి కూచున్నాడు. దొర వచ్చినప్పుడు నవ్వాడు. "గా రేకుల రూంల ఉడికిపోతుంటిమి. ఫ్యాను సుత తిరుగకపోయేది" అన్నాడు. రాణికి దొర ఎవరో, పిట్టయ్య ఎవరో చెప్పాడు. శోభ తెరను చూడలేదు, అన్న ముఖాన్నే చూసింది. ఆ ముఖంలో పన్నెండేళ్ళ పిల్లవాడు కనిపిస్తాడేమోనని వెతికింది. కనిపించలేదు. బుగ్గలు జారిన, ఎండకు మాడిన, నడివయసు మనిషి.

కొండలు వచ్చాయి. ఇల్లు వచ్చింది.

"ఎవ్వలది గా ఇల్లు?" అని రాణి అడిగింది.

శోభ అన్న వైపు చూసింది.

"ఏమో" అన్నాడు నరేందర్. "ఊకెనే ఏసుంటరు."

బొమ్మ అయిపోయింది. రాణి వంట చూడటానికి లేచింది. అప్పుడు శోభ చెప్పింది. విఠల్ ఇంటికి పోయింది, అతను చెప్పింది, ముంజలు, నీలన్న చెల్లె, అంతా. నరేందర్ తల వంచుకుని విన్నాడు.

"నేనన్ననా గట్ల?"

"అన్నవట."

అతను చాలాసేపు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. నుదురు మీద వేళ్ళు పెట్టుకుని కూచున్నాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు.

"నాకు యాదికి లేదే శోభా. అబద్ధం ఎందుకు చెప్పాలె? చెల్లె ముచ్చటే యాదికి లేదు." వేళ్ళు నుదుటి మీంచి తీశాడు. "గా దినాలల్ల నాకొక్కటే యాదున్నది. మస్తు ఆకలైతుండె. నాయిన తాగి పండుకునేది. మంది అందరు నీ సుట్టే ఉండిరి. చిన్న పిల్ల, తింటలేదు, తింటలేదు అని. నేను తింటున్ననా లేదా అని ఎవ్వలడగలే. నేను పెద్దోన్ని గద."

అతను ఫిర్యాదులా చెప్పలేదు. ఎక్కడో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఈ వారమంతా శోభ తన గురించే ఆలోచించింది. తనకోసం అన్న ఒకప్పుడు ఏం చేశాడో, తర్వాత ఏం చేయలేదో, అదే. ఆ పిల్లవాడు ముంజలు తానే తినకుండా విఠల్ చేతిలో ఎందుకు పెట్టాడో, ఆ పూట వాడు ఏం తిన్నాడో ఆమెకు తట్టనే లేదు. ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

"నేను కూడ అడగలే" అంది.

"నువ్వెట్ల అడుగుతవ్? తొమ్మిదేండ్ల పిల్లవు."

రాణి పళ్ళేలు పెట్టింది. ముగ్గురూ తిన్నారు. అన్నంలోకి బెండకాయ పులుసు, వేయించిన మిరపకాయలు. నరేందర్ తిన్న పళ్ళెంలోనే చేయి కడిగి, ఆ చేతిని అలాగే పట్టుకుని కూచున్నాడు.

*

సాయంత్రం నాలుగింటికి శోభ లేచింది. నరేందర్ బండి తీసి ఆమెను బస్టాండులో దింపాడు. దింపి వెళ్ళిపోతాడనుకుంది. బండికి స్టాండు వేసి పక్కన నిలబడ్డాడు. జగిత్యాల బస్సు ఇంకా రాలేదు. వేములవాడ పోయే జనం బల్లల నిండా ఉన్నారు.

"గా దినం నువ్వు మెట్‌పల్లికెల్లి ఫోన్ చేసినవ్ సూడు" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "కంపెనీ బందువెట్టి నాలుగు నెలలైంది అప్పటికి. క్యాంపుల పడున్నం. రొట్టె ఒకరిస్తె తిన్నం, లేకుంటె లేదు. ఇంటికి చెప్పలే. నువ్వు ఏడ్చుకుంట, నాకెవ్వలు లేరన్నా అంటివి. నాకేం చెప్పాల్నో తెల్వలే. కోపమచ్చింది. నీ మీద కాదు. ఎవ్వల మీదనో."

శోభ వింటూ నిలబడింది. ఫరవాలేదన్నా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది నిజం కాదు. పదకొండేళ్ళు ఫరవాలేకుండా గడవలేదు. పండగ పూట గది తలుపు వేసుకుని పడుకున్న రోజులు ఉన్నాయి. జ్వరంలో మంచినీళ్ళకు లేవలేక పొద్దుటిదాకా చూసిన రోజులు ఉన్నాయి.

"అనద్దుండె అన్నా" అంది. "నేను ఎక్కడికి పోవాలె గప్పుడు?"

"అవ్" అన్నాడు. "అనద్దుండె."

అంతకుమించి అతను క్షమించమనీ అడగలేదు, ఆమె క్షమించాననీ అనలేదు. బస్సు వచ్చింది. అతను జనంలో దూరి, కిటికీ దగ్గర సీటు మీద తన రుమాలు వేసి, ఆమె ఎక్కేదాకా దాన్ని కాచాడు. ఆమె కూచున్నాక రుమాలు తీసుకుని దిగిపోయాడు. బస్సు మలుపు తిరిగేటప్పుడు శోభ వెనక్కి చూసింది. అతను బండి దగ్గరే నిలబడి ఉన్నాడు, కానీ బస్సును కాదు, ఎటో చూస్తున్నాడు.

దారి పొడుగునా ఆమె కిటికీకి తల ఆనించి కూచుంది. ఏదో బరువు దిగుతుందనుకుంది, దిగలేదు. చిన్నప్పటి ఆ ఇంట్లో ఆకలితో ఒక పిల్లవాడు, ఆకలి లేని ఒక పిల్ల, పక్కపక్కనే పడుకుని ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇన్నేళ్ళు తను ఒక్కతే ఒంటరినని ఆమె అనుకుంది. ఇద్దరూ అంతేనని ఇప్పుడు తెలిసింది. తెలిస్తే తేలిక కాలేదు, ఇంకాస్త నొప్పి పెట్టింది. కానీ ఆ నొప్పిలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు.

వేములవాడ దాటాక ఫోన్ మోగింది. నరేందర్. ఆ పేరు తెర మీద ఎప్పుడూ కనిపించనిది కావడంతో ఆమె ఒకటికి రెండుసార్లు చూసి ఎత్తింది.

"ఎక్కడి దాక అచ్చినవ్?"

"వేములవాడ దాటినం."

"సీటు మంచిగున్నదా?"

"మంచిగున్నది."

ఫోన్ పెట్టేస్తాడని ఆమె ఎదురుచూసింది. అతను పెట్టలేదు. అవతల మరమగ్గాల చప్పుడు, ఇవతల బస్సు చప్పుడు. చాలాసేపటికి అతను గొంతు సవరించుకున్నాడు.

"జగిత్యాలల నీ రూం ఎక్కడనే? ఎట్ల రావాలె?"

శోభ ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది. బస్సు మోతలో వినపడదేమోనని అరచేయి అడ్డం పెట్టుకుని, గడియారం టవర్ దగ్గర దిగి ఎటు తిరగాలో, ఏ సందులోకి రావాలో, మెట్లు ఏ పక్కన ఉంటాయో, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.